తగ్గని స్వరము

ధ్యానమునకు: సామెతలు 18:13, యాకోబు 1:19–20, గలతీయులకు 6:1–5



ఒకనితో "తగ్గించుము" అని చెప్పితిమి. అతడు చేయి చాచి తగ్గించెను. అయినను శబ్దము తగ్గలేదు. అతడు విధేయుడా, అవిధేయుడా? చేయవలసినది చేసియు ఫలము చూపలేని మనుష్యునికి మనము ఎట్టి తీర్పు తీర్చవలెను?

ఈ ప్రశ్న నాకు గ్రంథములలోనుండి రాలేదు. మా మందిరములో, ప్రభువు బల్లయొద్ద, ఒక చిన్నవాని గిటారునుండి వచ్చెను. ఆ దినమున తొందరపడి నేను ఇచ్చిన జవాబు తప్పు జవాబు. దానిని వ్రాయుటకు నాకు సిగ్గుగా ఉన్నది. అయినను అందరి యెదుట చేసిన తప్పును అందరి యెదుట చెప్పుటయే న్యాయము గనుక వ్రాయుచున్నాను.

మా సంఘములోని ఈ చిన్నవాడు బోరు మోటార్లకు వైండింగు చేయు దుకాణములో పని నేర్చుకొనుచున్నాడు. పాటలన్న అతనికి ప్రాణము. ఎలక్ట్రిక్ గిటారు కొనుటకు డబ్బు చాలదు గనుక తన చేతులతోనే చేసికొనెను. కూలిపోయిన తాతగారి ఇంటి ద్వారబంధపు టేకు చెక్క దానికి దేహమాయెను. మెడను ఒక పాత గిటారునుండి తీసెను. తీగల క్రింద ఉండు పికప్పుకు వెండ్రుకకంటె సన్నని రాగితీగను వేల చుట్లు తానే చుట్టెను. రెండు మారులు తీగ తెగిపోగా, రెండు మారులు మొదటినుండి ప్రారంభించెను. ఇది వింత పని కాదు. ఇంగ్లండు దేశములో బ్రయన్ మే అను పేరుగల వాద్యకారుడు చిన్నతనమున, 1963లో, తండ్రితో కలిసి ఇట్లే ఒక గిటారు చేయ మొదలుపెట్టెను. చలిమంట గూటి చట్రపు పాత చెక్క దానికి మెడ, పాత మోటారుసైకిలు స్ప్రింగులు దాని లోపలి సరంజామా. అనేక సంవత్సరములు లోకమంతట దానినే వాయించెను. మా చిన్నవాడు ఈ సంగతి ఎక్కడనో విని, "మనమెందుకు చేయలేము?" అనుకొనెనట.

అతడు దానిని మొదట తెచ్చినది మందిరమునకే. ప్రథమ ఫలము దేవునిదని తల్లి చెప్పెనట.

ఆ ఆదివారము మాకు ప్రభురాత్రి భోజన సంస్కారము. రొట్టెయు పాత్రయు పంచునప్పుడు మెల్లగా ఒక రాగము వాయించుమనియు, ప్రార్థన సమయమున పూర్తిగా తగ్గించుమనియు నేనే చెప్పియుంటిని. నేను రొట్టె చేతపట్టి ప్రార్థింప మొదలుపెట్టితిని. గిటారు మ్రోగుచునే యున్నది. చేతితో సైగ చేసితిని. అతడు మర త్రిప్పెను. శబ్దము కొంచెము మొద్దుబారెను గాని తగ్గలేదు. పైగా ఝుమ్మను రొద బయలుదేరెను. మరల సైగ చేసితిని. అతడు మరల త్రిప్పెను. రొద పెరిగెను. వెనుక బల్లలవారు తలలు త్రిప్పి చూచిరి. అప్పుడు నేను మైకు ముందే నిలిచి గట్టిగా ఇట్లంటిని: "నీకు దేవుని భయము లేదా? ప్రభువు బల్లయొద్ద కూడ నీ గొప్పయేనా?"

అతడు కేబులు లాగివేసెను. పెద్ద చప్పుడాయెను. గిటారు చంకన పెట్టుకొని బయటికి వెళ్లిపోయెను. రొట్టె తీసికొనలేదు. నేను మిగిలినవారికి రొట్టె పంచితిని.

తరువాత సంఘపెద్దలు కూడిరి. ఒక సంవత్సరము అతడు మందిరములో వాద్యము ముట్టకూడదని కొందరనిరి. కరెంటు వాద్యములే వద్దని మరి కొందరనిరి. నేను కాదనలేదు. తీర్మానము వ్రాయుటకు మరుసటి కూటము నిర్ణయించితిమి. మూడు ఆదివారములు ఆ చిన్నవాడు ఆరాధనకు రాలేదు. నాలుగవ వారము బుధవారము సాయంకాలము అతని తల్లి మా ఇంటికి వచ్చి గుమ్మమునకు ఆనుకొని నిలిచెను.

"అయ్యగారూ, మావోడు తగ్గించాడంటండి. తిప్పాడంట. తిప్పినా తగ్గలేదంట."

"అట్లయితే ఆ మాట నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదంటండి అయ్యగారూ."

ఆమె కోపముగా చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పెను. ఆమె వెళ్లిన తరువాత నేను దీపము వేసికొనకయే చాలసేపు కూర్చుంటిని. సంగతి వినకముందే బదులు పలుకువాడు బుద్ధిహీనుడై సిగ్గుపడునని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది. ఆ అధ్యాయముపై నేను ఎన్ని ప్రసంగములు చేసితినో! అవి నాకొరకు కావనుకొంటిని కాబోలు.

మరునాడు సాయంకాలము వారింటికి వెళ్లితిని. అతడు అరుగుమీద కూర్చుండి యుండెను. నన్ను చూచి లేచి నిలిచెను గాని ముఖమెత్తలేదు. "బాబూ, ఆ రోజు ఏమి జరిగింది? నాకు చెప్పు" అంటిని. "నేను తగ్గించానండి అయ్యగారూ. అది తగ్గలేదండి" అనెను. అంతకంటె ఏమియు చెప్పలేదు. "అయితే ఎందుకు తగ్గలేదో ఇద్దరము చూతము, విప్పు" అంటిని. అతడు లోపలికి వెళ్లి గిటారు, మీటరు, సోల్డరింగు ఐరను తెచ్చెను. నేను టార్చిలైటు పట్టుకొంటిని. నాకు చేతనైన పని అదియే.

పనిచేయు వాద్యమునకు, పనిచేయని వాద్యమునకు భేదము తెలియవలెనన్న, అది ఎట్లు పలుకునో మొదట తెలియవలెను. ఎలక్ట్రిక్ గిటారు తీగలు ఉక్కువి. వాటి క్రింద అయస్కాంతము, దాని చుట్టు రాగితీగ చుట్ట ఉండును. ఉక్కు తీగ కదలినప్పుడు అక్కడి అయస్కాంత బలము మారును. ఆ మార్పువలన రాగి చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఈ సూత్రమును 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. నేడు మన ఇండ్లకు వచ్చు కరెంటును పుట్టించు జనరేటర్లకు మూలము అదియే. ఫారడే కమ్మరి కుమారుడు, పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చినవాడు, లండనులో ఒక చిన్న క్రైస్తవ సంఘమునకు పెద్దగా పరిచర్య చేసినవాడు. ఆయన మాట మరల చెప్పెదను.

పికప్పులో పుట్టిన విద్యుత్తు వాల్యూము కంట్రోలునకు వచ్చును. దానికి మూడు కాళ్లుండును. ఒక చివరి కాలికి పికప్పునుండి తీగ వచ్చును. నడిమి కాలునుండి శబ్దము బయటికి, యాంప్లిఫయరునకు పోవును. రెండవ చివరి కాలు ఎర్తునకు కలుపబడవలెను. ఇక్కడ ఎర్తు అనగా నేలలో పాతిన కడ్డీ కాదు; పికప్పునుండి కేబులు ద్వారా యాంప్లిఫయరు చట్రము వరకు పోవు ఉమ్మడి తీగ. పనివారు దానినే ఎర్తు అందురు. కంట్రోలు లోపల గుఱ్ఱపు లాడమువంటి కర్బనపు పట్టీ యుండును. మర త్రిప్పినకొలది నడిమి కాలి అంచు ఆ పట్టీమీద జరుగుచుండును.

మర త్రిప్పి తగ్గించుట అనగా శబ్దము గొంతు నులుముట అని నేను అనుకొనుచుంటిని. ఆ చిన్నవాడు కాదనెను. "అణచడం కాదండి అయ్యగారూ. పంచడమండి. బయటికి ఎంత, ఎర్తుకి ఎంత అని పంచుద్దండి. పూర్తిగా తగ్గిస్తే మొత్తం ఎర్తులో కలిసిపోద్దండి" అనెను. నేను వేదపాఠశాలలో నేర్వని పాఠమిది.

పిమ్మట తప్పు వెదకితిమి. నేను మూడు కారణములు చెప్పితిని, మూడును తప్పే. యాంప్లిఫయరు చెడియుండునంటిని. పొరుగు ఊరి సంఘము గిటారు తెచ్చి అదే కేబులుతో అదే యాంప్లిఫయరునకు తగిలించితిమి. దాని శబ్దము చక్కగా తగ్గెను. కాబట్టి తప్పు మా గిటారులోనే యున్నది. పైనున్న గుండీ ఇరుసుమీద ఊరక తిరుగుచుండునంటిని. దానిని ఊడబెరికి, ఇరుసును చేతితోనే త్రిప్పితిమి, భేదమేమియు లేదు. లోపల దుమ్ము చేరియుండునంటిని. దుమ్ము చేరినయెడల త్రిప్పునప్పుడు గరగరమను చప్పుడు వచ్చునని అతడనెను. అట్టి చప్పుడు లేదు. అయినను నా మాట త్రోసివేయక శుభ్రపరచు ద్రవము కొట్టి చూచెను. ఫలము లేదు.

అప్పుడతడు మీటరు పెట్టెను. కంట్రోలు రెండు చివరి కాళ్ల నడుమ ఇంచుమించు 2,50,000 ఓములు చూపెను. దానిమీద వ్రాసియున్న లెక్కయు అదియే. అనగా లోపలి పట్టీ చక్కగానే యున్నది. తరువాత ఎర్తు కాలికిని కేబులు గుచ్చు జాకు ఎర్తునకును నడుమ పెట్టెను. మీటరు పలుకలేదు. మరల పెట్టెను. పలుకలేదు. టార్చి దగ్గరకు పెట్టుమని నన్ను కోరి, ఆ కాలినుండి కంట్రోలు వీపునకు పోవు చిన్న తీగను వ్రేలితో తాకెను. పైకి అతుకబడినట్లే యుండెను. అతుకు మెఱుపులేక, బూడిద రంగున, గరుకుగా యుండెను. దానిని పనివారు డ్రై సోల్డరు అందురు. సీసము కరగి పైన పడినది గాని లోహముతో కలియలేదు. కంట్రోలు వీపు పెద్ద రేకు గనుక వేడిని త్రాగివేయును. దానిని చాలినంత కాచకయో, చమురు మరక గీకకయో, చల్లారకముందు కదలించియో పెట్టిన అతుకు ఇట్లగును. కంటికి అతుకే, విద్యుత్తునకు కాదు.

ఎర్తు అందనప్పుడు ఏమగునో అతడు లెక్క చెప్పెను. మర ఇక పంచలేదు. శబ్దము దారిలో ఒక అడ్డుగా మాత్రమే నిలుచును. గిటారు యాంప్లిఫయరు లోనికి పోవు చోట సాధారణముగా 10,00,000 ఓముల నిరోధముండును. దానియెదుట 2,50,000 ఓముల అడ్డు ఎంత? మర చివరివరకు త్రిప్పినను శబ్దపు విద్యుత్తులో ఇంచుమించు ఐదవ వంతు మాత్రమే తగ్గును. చెవికి అది తగ్గినట్లే తోచదు. పైగా ఆ అడ్డు కేబులుతో కలిసి స్వరములోని పదునును తినివేయును. చుట్టుపట్ల కరెంటు తీగల రొదను లోనికి రానిచ్చును. ఆ ఆదివారము మేము విన్నది అక్షరాల అదియే: మొద్దుబారెను, రొదపెట్టెను, తగ్గలేదు.

అతడు పాత సీసము తీసి, రేకును గరుకు కాగితముతో రుద్ది, పెద్ద ఐరనుతో చాలినంత కాచి, క్రొత్తగా అతికి, చల్లారువరకు ఊపిరి బిగబట్టి కదలకుండ పట్టుకొనెను. మీటరు కూసెను. గిటారు తగిలించి వాయించుచు మర త్రిప్పెను. స్వరము తగ్గి తగ్గి నిశ్శబ్దమాయెను. వంటింటి గుమ్మములో అతని తల్లి చీర చెంగుతో కన్నులు తుడుచుకొనెను.

అప్పుడు అతడు నేను అడుగని మాట ఒకటి చెప్పెను. "శనివారం ప్రాక్టీసులోనే సరిగా తగ్గట్లేదని తెలుసండి అయ్యగారూ. ఆదివారానికి అదే సర్దుకుంటదిలే అనుకున్నానండి. అది నా తప్పేనండి."

ప్రియులారా, ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. అతడు అవిధేయుడా? కాడు. నేను సైగ చేసిన ప్రతిసారి అతని చేయి కదలెను. మేము అతనిమీద మోపిన నేరము గర్వము, దైవభయము లేమి. ఆ నేరము అతనియందు లేదు. అయితే అతడు నిర్దోషియా? అదియు కాదు. చెడినదని తెలిసియు బాగుచేయక దేవుని సన్నిధికి తెచ్చెను. బల్లయొద్దకు వచ్చువాడు మొదట తన్ను తాను పరీక్షించుకొనవలెనని అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసెను. మన చేతి పనికిని అది చెల్లును. కాబట్టి అతనియందు తప్పు కలదు. కాని మేము శిక్షింప సిద్ధపడినది ఒక తప్పు, ఉన్నది మరియొక తప్పు. లేని తప్పునకు పడిన శిక్ష ఉన్న తప్పును బాగుచేయదు. తలనొప్పికి కాలికి కట్టు కట్టినట్లగును.

ఒక పెద్ద నాతో ఇట్లనెను: "అయ్యగారూ, ప్రతివాడును నా ఉద్దేశము మంచిదే అనును. ఉద్దేశము చూచి విడిచిపెట్టుచు పోయినయెడల సంఘములో క్రమమేమి మిగులును?" ఇది త్రోసివేయదగిన మాట కాదు. ఉద్దేశము మంచిదైనంత మాత్రమున రొద సంగీతము కాదు. ఆ దినమున అనేకుల ప్రార్థన చెదరెను. అది నిజమైన నష్టము. నష్టమును నష్టమనియే చెప్పవలెను. కాని నష్టము చూచి హృదయమునకు తీర్పు తీర్చుట వేరు. ఫలము మన చెవికి వినబడును. చేయి త్రిప్పినదో లేదో దగ్గరకు వెళ్లి అడుగనిదే తెలియదు. హృదయమును లక్ష్యపెట్టువాడు యెహోవా ఒక్కడే. మనము చేయగలిగినది అడుగుట. మీటరు పెట్టకముందు నేను చెప్పిన మూడు కారణములును తప్పైనట్లే, మనుష్యుని అడుగకముందు మనము చెప్పు కారణములును తరచుగా తప్పగును. గిటారు నా తప్పుడు మాటలకు నొచ్చుకొనలేదు. ఆ చిన్నవాడు మూడు ఆదివారములు దేవుని మందిరమునకు దూరమాయెను.

ఇక రెండవ సంగతి నన్ను గూర్చినది. ఆ ఆదివారము మందిరములో తగ్గని స్వరములు రెండు. ఒకటి గిటారుది, రెండవది నాది. ఆ వారమంతయు సంఘపు లెక్కల విషయమై ఇద్దరు పెద్దలతో నాకు మాటపట్టింపు జరిగియుండెను. నేను బయటికి ఏమియు అనలేదు. ఓర్చుకొనవలెనని గట్టిగా తీర్మానించుకొంటిని. నా మరను నేనును త్రిప్పితిని. అయితే ఏమాయెను? నా మాట మొద్దుబారెను. ఇంటిలో ముభావముగా తిరిగితిని. లోపల రొద పెరుగుచుండెను. ఆ రొదను ఎవరియొద్ద దింపవలెనో వారియొద్ద దింపలేదు. ఆ వారము నా ప్రార్థన పెదవులతోనే సాగెను. పైకి అతుకే గాని లోపల కలియలేదు. చివరకు లెక్కలతో ఏ సంబంధమును లేని, ఎదురు మాటాడలేని చిన్నవానిమీద అంతయు పడెను.

నిగ్రహము అనగా కోపమును గొంతువద్ద ఆపుట అని మనము తలంతుము. దారిలో అడ్డుపెట్టుట అదియే. అది కొంత తగ్గించును గాని స్వరమును చెరిపి రొదను పెంచును. కీర్తనకారుడు చెప్పినది వేరు. ప్రజలారా, మీ హృదయములను ఆయన సన్నిధిని కుమ్మరించుడని అరువదిరెండవ కీర్తన మనలను పిలుచుచున్నది. పేతురును మన చింత యావత్తును ఆయనమీద వేయుమనెను. కుమ్మరించుటకు ఒక చోటు ఉన్నవాడే తగ్గగలడు. మాటలో ఎంత మనుష్యులకు, ఎంత దేవునికి అని పంచుట నేర్చినవాని స్వరము మనుష్యులయొద్దకు వచ్చుసరికి తగినంతయే యుండును. తీర్మానము మంచిదే. కాని ఎర్తు తెగినవాడు ఎంత తీర్మానించినను ఐదవ వంతే తగ్గును.

భార్యమీద, పిల్లలమీద, పాలేరుమీద అరచి, "నేను ఎంత అణచుకొనుచున్నానో మీకు తెలియదు" అను పురుషులారా, మీరు చెప్పునది అబద్ధము కాదు. మర త్రిప్పుచునే యున్నారు. కాని మరను ఇంకను గట్టిగా త్రిప్పుట చాలదు. అతుకు చూచుకొనుడి.

మూడవ సంగతి బాగుచేయుట. తప్పులో చిక్కినవానిని ఆత్మసంబంధులైనవారు సాత్వికముతో సరిచేయవలెనని గలతీయులకు పౌలు వ్రాసెను. అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియ, గలిలయ సముద్రతీరమున యాకోబు యోహానులు తమ వలలు బాగుచేసికొనుచుండిరని మత్తయి వ్రాసినచోట కనబడు క్రియయే. జాలరి తెగిన వలను తిట్టడు, గట్టుమీద పారవేయడు. ఒడిలో వేసికొని, తెగిన కన్ను ఏదో వెదకి, ఆ కన్నునే అల్లును. రేపు మరల నీటిలో వేయుటకే అల్లును. సంఘపు శిక్ష దీనికొరకైనది. మరల వాడుకలోనికి తెచ్చుటకు.

ఇప్పుడు ఫారడే మాట. ఆయన 1840లో తన సంఘమునకు పెద్దగా ఏర్పరచబడెను. 1844లో అదే సంఘము ఆయనను సహవాసమునుండి తొలగించెను. కొన్ని వారములకు తిరిగి చేర్చుకొనెను. పెద్ద అను పరిచర్య మాత్రము 1860 వరకు ఆయనకు తిరిగి రాలేదు. అప్పటికే ఆయన పేరు దేశదేశములలో మారుమ్రోగుచుండెను. అంతటివాడు ఆ చిన్న మందిరమును విడిచి పోగలిగియుండెను, పోలేదు. ఆయన దీనత్వము గొప్పది. అయితే బయట పెట్టినవారు వాకిలి మూసివేయక తిరిగి లోపలికి పిలిచిరన్న సంగతియు గమనించుడి. మా చిన్నవానికి మేము ఆ వాకిలి తెరచియుంచితిమా? ఒక తల్లి వచ్చి మా గుమ్మమునకు ఆనుకొని నిలువకపోయినయెడల తెరచియుండమేమో.

అదే అధ్యాయములో పౌలు ఒకరి భారము ఒకరు మోయవలెననియు, ప్రతివాడు తన బరువు తానే మోసికొనవలెననియు చెప్పెను. ఈ రెండును పోట్లాడుకొను మాటలని నేను తలంచుచుంటిని. ఆ అరుగుమీద అవి కలిసెను. సోల్డరింగు ఐరను అతడే పట్టవలెను. తన శనివారపు తప్పును అతడే ఒప్పుకొనవలెను. కాని టార్చి వేరొకడు పట్టనిదే ఆ చీకటి మూలలో బూడిదరంగు అతుకు కనబడదు.

తరువాతి ఆదివారము ప్రసంగమునకు ముందు నేను బల్లముందు నిలిచి, నేను అడుగకయే నిందించితిననియు, నా కోపము వేరొక విషయమునుండి వచ్చినదనియు సంఘమంతటి యెదుట చెప్పితిని. అందరి యెదుట చేసిన అవమానమునకు అరుగుమీద చెప్పిన క్షమాపణ చాలదు గదా. మాటపట్టింపు కలిగిన ఆ ఇద్దరు పెద్దలను నేనే వెళ్లి కలిసికొంటిని. తీర్మానము వ్రాయబడలేదు. దానికి మారుగా ఒక నియమము పెట్టుకొంటిమి: వాద్యములన్నిటిని శనివారమే పరీక్షించి, చెడినది ఏదైనను సిగ్గుపడక చెప్పవలెను, చెప్పినవానిని ఎవరును గద్దింపకూడదు.

అతని గిటారు ఇంకను పరిపూర్ణము కాలేదు. మర సగమువరకు త్రిప్పినను పెద్ద భేదము కనబడదు; చివరిలో ఒక్కసారిగా పడిపోవును. చెవి శబ్దమును సమమైన మెట్లలో కొలువదట. అందుకు తగిన వేరొక రకపు కంట్రోలు కొనవలెనట. డబ్బు కూడినప్పుడు కొనును. మనలోను ఒక అతుకు బాగైన దినముననే అన్నియు బాగుకావు. ఓపిక పట్టుదము.

వాద్యములు వాడు సంఘములకు ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. గిటారు లోపలి విద్యుత్తు మిక్కిలి స్వల్పము. కేబులు తీసి దానిని విప్పుటలో ప్రమాదము లేదు. యాంప్లిఫయరును మాత్రము తెలియనివారు విప్పకూడదు. స్విచ్చి ఆపినను లోపల ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండవచ్చును. గిటారు తీగలు యాంప్లిఫయరు చట్రముతో కలిసియుండును గనుక, మందిరపు సాకెట్లకు నేలలో పాతిన నిజమైన ఎర్తు లేనప్పుడు తీగలు పట్టి మైకునకు పెదవి తాకించినవానికి షాకు తగులవచ్చును. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులుగా చేసి వాడకుడి. తెలిసిన ఎలక్ట్రీషియనుచే ఎర్తును పరీక్ష చేయించుడి.

మరల ప్రభురాత్రి భోజనపు ఆదివారము వచ్చెను. నేను రొట్టె చేతపట్టితిని. సైగ చేయలేదు. అతడే చేయి చాచి మర త్రిప్పెను. రాగము తగ్గి, ఎక్కడ ఆగిపోయెనో తెలియకుండ ఆగిపోయెను. ఆ నిశ్శబ్దములో ఒక పసిబిడ్డ నిద్రలో మూలిగినది కూడ వినబడెను. రొట్టె పంచుచు నేను అతనియొద్దకు వచ్చినప్పుడు అతడు గిటారును ప్రక్కన పెట్టి రెండు చేతులు చాచెను.

ప్రభువా, అడుగకముందు తీర్పు చెప్పు మా నాలుకకు కావలి యుంచుము. మాలో తెగిన అతుకును మాకు చూపుము. మా కోపమును బలహీనులమీద గాక నీ పాదములయొద్ద కుమ్మరించుట నేర్పుము. మా కఠినమైన మాటవలన నీ మందిరమునకు దూరమైనవారి ఇంటికి నడుచుటకు మా కాళ్లకు బలమిమ్ము. ఆమేన్.